ఎవరి అడుగు వాళ్ళది

పెట్టె ఇంకా నడవాలోనే ఉంది.

రూఫస్ దాన్ని ఆదివారం సర్దాడు. సర్ది, తాడు బిగించి, అక్కడ పెట్టాడు. అప్పట్నుంచి దాన్ని బయటికీ తీసుకుపోడు, లోపలికీ తేడు. రోజంతా స్టేషన్లో ఊరివాళ్ళ పెట్టెలు మోసే మనిషికి తన పెట్టె ఒక్కటే బరువైంది. భార్యా, కూతురూ దాన్ని తప్పుకుని పక్కకి ఒరిగి నడుస్తున్నారు. అతని అక్క హాటీ మాత్రం తప్పుకోదు. పోతూ ఒక తన్ను, వస్తూ ఒక తన్ను తంతోంది.

"ఉంటే ఉండమను, పోతే పొమ్మను," అంది హాటీ వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరితోనూ కాదన్నట్టు. "నడవాలో శవాన్ని పెట్టినట్టు ఈ కాపలా ఏమిటి మాకు?"

రూఫస్ వినపడనట్టే కాఫీ తాగుతున్నాడు. కూర్చుని తాగితే ఇంట్లో ఉంటానని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు, ఆదివారం నుంచీ నిలబడే తింటున్నాడు, నిలబడే తాగుతున్నాడు. శనివారం బండికి షికాగో పోతానని చెప్పేశాడు. అక్కడ వాళ్ళ పినతండ్రి కొడుకు ఉన్నాడు.

ఒడెస్సా పళ్ళెంలో ఉడికిన మొక్కజొన్న నూక వడ్డించి, మీద వెన్న వేసి అతని ముందు పెట్టింది.

"చల్లారిపోతుంది. కూర్చుని తిను."

"ఆకలి లేదు."

"నిన్న కూడా అదే అన్నావు."

"నిన్న కూడా లేదు."

పద్నాలుగేళ్ళ జెనీవా తలెత్తకుండా తన పళ్ళెంలో చెంచా తిప్పుతోంది. ఆ పిల్లకి ఈ మధ్య తలొంచుకోవడం బాగా అలవాటైంది.

ఒడెస్సా గరిటె కింద పడేసింది. "రూఫస్, నన్ను నాలుగు తిట్టు. పోనీ ఆ గిన్నెలు పగలగొట్టు. ఇలా ఉలుకూ పలుకూ లేకుండా నన్ను చంపకు."

"ఏమని తిట్టను?"

"ఏదో ఒకటి అను!"

అతను కప్పు కింద పెట్టాడు. "అక్కా, నువ్వు కూడా విను. పోయిన గురువారం నేను మాగ్నోలియా డాన్సు హాల్లో ఉన్నాను. ఎప్పుడూ మేం ఆడే మూలలోనే ఉన్నాను. డౌన్‌టౌన్ నుంచి ఓ గుంపు వచ్చింది. ఈవిడ డాన్సు నేర్పే స్కూలు పిల్లలు. మన నల్లవాళ్ళ హాలుకి తెల్లవాళ్ళు రావడం కొత్తేం కాదు. వస్తారు, చూస్తారు, పోతారు. వీళ్ళు చూడ్డానికి రాలేదు. సరాసరి మా మూలకే వచ్చారు. ఒకమ్మాయి తన జోడీ కుర్రాడికి వీపు తిప్పింది, రెండు చేతులూ వదిలేసింది, వెల్లకిలా పడింది. వాడు పట్టుకున్నాడు. పట్టుకుని, అందరి వంకా చూసి పళ్ళికిలించి, దీని పేరు మూర్ఛపోయే ముద్దుగుమ్మ అని చెప్పాడు."

"ముద్దుగుమ్మా?" అంది హాటీ.

"మూలలో ఉన్నవాళ్ళంతా నా మొహం చూశారు. బ్యాండువాళ్ళు కూడా వాయిస్తూ నన్నే చూశారు."

"ఆ పేరు నేను పెట్టలేదు," అంది ఒడెస్సా. "అది స్కూలు నడిపే ఆవిడ పని. మర్నాడే ఆవిడ మొహాన చెప్పేసి వచ్చేశాను కదా! మళ్ళీ ఆ గడప తొక్కనన్నాను కదా!"

"పేరు సంగతి సరే. ఆ డాన్సు అడుగు ఎవరిచ్చారు?"

ఒడెస్సా కట్టుకున్న ఏప్రన్ అంచు పట్టుకుని నలిపింది. "నేనే నేర్పుంటాను. ఎప్పుడో తెలీదు. నేర్పినట్టు నాకు గుర్తే లేదు, రూఫస్. దేవుడి తోడు."

"అదే నా బాధ." రూఫస్ గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "అమ్ముకున్నానంటే కోప్పడేవాణ్ణి. నీ మీద కసితో ఇచ్చానన్నా పోట్లాడేవాణ్ణి. ఐజయాది తీసుకెళ్ళి పరాయివాళ్ళ చేతిలో పెట్టి, పెట్టినట్టు గుర్తే లేదంటున్నావు. దానికి నేనేమని తిట్టను?"

ఐజయా పేరు ఆ ఇంట్లో పైకి అని ఎన్నేళ్ళయిందో. హాటీ శిలువ గుర్తు వేసుకోబోయి, తాను ఆ గుర్తు వేసుకోని బాప్టిస్టునని గుర్తొచ్చి చెయ్యి దించుకుంది. రూఫస్ టోపీ పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు. నడవాలో పెట్టెని తప్పుకుని పక్కకి ఒరిగే వెళ్ళాడు.

ఐజయా వాళ్ళ మొదటి బిడ్డ. నడక నేర్చి, మాటలు ఇంకా నేర్వకముందే ఓ చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాక ఆ భార్యాభర్తలు ఆ చలికాలమంతా మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడుకుంటారు? మాట పెగిలితే ఏడుపే వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఓ సాయంత్రం ఒడెస్సా కంచాలు తుడుస్తోంది, రూఫస్ అటు తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గోడ అవతల పక్కింటివాళ్ళ రేడియోలో ఏదో పాట. ఒడెస్సాకి ఉన్నట్టుండి కాళ్ళ మీద నిలబడాలన్న కోరికే పోయింది. చేతిలో కంచం వదిలేసి అలాగే వెనక్కి పడిపోయింది. పడితే పడనీ అనుకుంది. రూఫస్ తిరిగి చూడనైనా చూడలేదు. చప్పుడు విని, చెయ్యి వెనక్కి చాపి, నేల తగలకముందే పట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. ఏడ్చి ఏడ్చి, ఎందుకో మళ్ళీ పడింది, మళ్ళీ పట్టుకున్నాడు. వసంతం వచ్చేసరికి అది ఓ అడుగైంది, దాన్ని మాగ్నోలియాకి తీసుకెళ్ళారు.

దానికి పేరు లేదు. వాళ్ళు పెట్టలేదు, ఇంకెవరూ పెట్టే ధైర్యం చెయ్యలేదు.

మాగ్నోలియాలో ఎవరి అడుగు వాళ్ళది. గోడ మీద రాసి పెట్టలేదు కానీ, బ్యాండుకి ఎడమ పక్క మూలలో ఆడేవాళ్ళకి అందరికీ తెలుసు. చూసి సంతోషించు, చప్పట్లు కొట్టు, నీ ఇంటికెళ్ళి నీది నువ్వు కనిపెట్టుకో. సొంతదారు హాల్లో ఉండగా అతని అడుగు ఇంకొకరు వేస్తే అది దొంగతనం కన్నా హీనం. తప్పు చేసినవాళ్ళు మళ్ళీ ఆ మూలకే వచ్చి, అందరి ఎదుటా సొంతదారుకి చెయ్యి చాచాలి. అతను అందుకుని ఒక పాట ఆడితే ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. అతను వీపు తిప్పితే, ఆ ఇద్దరూ జన్మలో ఒకే నేల మీద ఆడరు.

"ఈ సాయంత్రం వెళ్ళు," అంది హాటీ, గిన్నెలు కడుగుతూ. "గురువారమేగా. వాడు పనినుంచి అటే పోతాడు. వెళ్ళి చెయ్యి చాచు."

"నువ్వేనా వదినా ఈ మాట అంటున్నది? ఆ హాలు సైతాను గుడి అన్నావు."

"ఇప్పుడూ అంటాను. దేవుడు నన్ను క్షమించుగాక. కానీ మా తమ్ముడు ప్రార్థన చేస్తే మెత్తబడే రకం కాదు. వాడి మెడ వంచేది ఆ బాకాలూ, ఆ డప్పులే." ఆమె ఒక గిన్నెను అవసరానికి మించి తోమింది. "నీకు వెళ్ళాలని లేదా?"

"నా కాళ్ళు చచ్చిపోయాయి, వదినా."

"నడుస్తున్నావుగా."

"నడవడం వేరు."

ఒడెస్సా దక్షిణాది పల్లెనుంచి వచ్చిన కొత్తలో, చేతికి ఏ పనీ రాని పిల్లగా ఉన్నప్పుడు, ఆ హాలు గోడ పక్క నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ఆ రోజుల్లో నిద్రలో కూడా కాళ్ళు కదిలేవి. తరవాత డౌన్‌టౌన్ స్కూలావిడ పిలిచి ఉద్యోగం ఇచ్చింది. మొదట్లో అదీ బాగుండేది. కొయ్యబొమ్మలా బిగుసుకుపోయిన ఒక టైపిస్టు పిల్ల, ఓ రోజు తాళం ఒంటికి ఎక్కి, ఆనందం పట్టలేక ఏడ్చేసింది. ఒడెస్సా కూడా ఏడ్చింది. కానీ స్కూలావిడకి ఏడుపులు అక్కర్లేదు. అడుగుని ముక్కలు కోసి, ముక్కకొక అంకె తగిలించమంది. ఒకటీ రెండూ అని పాడితేగానీ వాళ్ళకి ఎక్కదంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే ముక్కలు, అవే అంకెలు. ఏళ్ళు గడిచాయి. తెచ్చిన అడుగులన్నీ అయిపోయాక, క్లాసు గడవడానికి చేతికందింది ఇచ్చేయడం మొదలుపెట్టింది. గానుగలోంచి బయటపడ్డ చెరుకు పిప్పిలా అయిపోయింది మనిషి. అలాంటి ఏదో ఒక రోజున, ఏ తలనొప్పి వేళో, ఐజయాని కూడా ఇచ్చేసింది.

ఎంత తలుచుకున్నా ఆమెకి ఆ రోజు మాత్రం గుర్తు రాదు.

సాయంత్రం జెనీవా తల్లి గౌను వెనక బొత్తాలు పెట్టింది. గౌను వదులైంది. పిల్ల దాన్ని నడుం దగ్గర పిన్నుతో బిగించింది.

"అమ్మా, ఒకటి చెప్పనా? కోప్పడవుగా?"

"చెప్పు."

"నువ్వు నిద్రలో లెక్కపెడతావు. ఒకటీ రెండూ అని. నా గదిలోకి వినిపిస్తుంది. నాన్న లేచి వచ్చి వంటింట్లో కూర్చుంటాడు."

ఒడెస్సా అద్దంలో కూతురి మొహం చూసింది. "ఎన్నాళ్ళుగా?"

"చాలా రోజులుగా." జెనీవా ఇంకో పిన్ను పళ్ళ మధ్య పట్టుకుని మాట్లాడుతోంది. "ఆంటీలంతా అంటారు, మీ అమ్మ డాన్సు చేస్తూ నవ్వితే హాలంతా నవ్వేదని. నేనెప్పుడూ చూడలేదు. నిజమేనా?"

"ఏమో. నేను నన్ను చూసుకోలేదుగా."

"వస్తావుగా, నాన్నని తీసుకుని?"

ఒడెస్సా కూతురి తల మీద ముద్దు పెట్టి కోటు వేసుకుంది.

గురువారం ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి సెలవు. ఆ సాయంత్రం లెనాక్స్ ఎవెన్యూ అంతా పౌడరూ, ఇస్తిరీ వాసనే. మాగ్నోలియా మెట్లెక్కుతుంటే పాత స్నేహితురాళ్ళు "ఒడెస్సా! బతికే ఉన్నావుటే!" అని కావలించుకున్నారు. కావలించుకున్నాక సంగతి గుర్తొచ్చి, చేతులు నెమ్మదిగా తీసేశారు. నాలుగు మాటలన్నా బాగుండేది.

రూఫస్ మూలలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. స్టేషన్ బట్టల్లోనే ఉన్నాడు. ఆమెని చూశాడు. చూపు తిప్పుకోలేదు, పిలవనూ లేదు. మూలలో వాళ్ళు కాస్త జరిగి దారి ఇచ్చారు. ఇక ఆమె నడిచి వెళ్ళి చెయ్యి చాచడమే తరువాయి.

ఒడెస్సా సగం దూరం వెళ్ళింది. అక్కడ ఆమెకి ఒక ఆలోచన వచ్చి కాళ్ళు ఆగిపోయాయి. రూఫస్ చెయ్యి అందుకుంటాడనుకో, అప్పుడు పాట మొత్తం ఆడాలి. ఈ చచ్చిన కాళ్ళతో, లోపల అంకెలు గొణుక్కుంటూ ఆడితే, ఆ చేతిలో ఆ సంగతి తెలిసిపోదా? చెయ్యి అబద్ధం చెప్పదు. ఆమె పక్కకి తిరిగి గోడ వెంట బల్ల మీద కూలబడింది. మూలలో ఎవరో నిట్టూర్చారు.

"ఏమే పిల్లా, మళ్ళీ గోడకే అంటుకుపోయావా?"

ఫినియస్. లిఫ్టు నడిపే ముసలాయన, పొట్ట గుమ్మటంలా ఉంటుంది, పాదాలు పిల్లిపాదాలు. పల్లెనుంచి వచ్చిన ఒడెస్సాని ఇదే గోడ దగ్గరినుంచి మొదటిసారి లాక్కెళ్ళింది ఈయనే. ఇప్పటికీ ఆయనకి ఆమె పిల్లే.

"నన్నొదిలెయ్, పెద్దాయనా. నేను ఆడ్డానికి రాలేదు."

"ఎందుకొచ్చావో ఊరందరికీ తెలుసు. నీ కాళ్ళు చల్లబడిపోయాయనీ కనిపిస్తోంది. వాటితో వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంటే వాడు మంచుగడ్డ పట్టుకున్నాననుకుంటాడు. రా, కాస్త వేడెక్కించుకుని పో."

"వద్దు."

"నిన్నడగలేదే. నీ కాళ్ళనడిగాను."

ఆమె వద్దంటూనే లేచింది. ఆయన చేతిని కాదనడం ఆ హాల్లో ఏ ఆడపిల్లకీ చేతకాదు.

మొదట ఘోరంగా ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఫినియస్ చూశాడు.

"ఏమిటా జపం?"

"అలవాటైపోయింది."

"నేనెప్పుడైనా నీకు అంకెలు చెప్పానా? నోరు మూసి చెవి తెరువు. ఆ డప్పువాడు పాపం నీకోసమే చెమటలు కక్కుతున్నాడు, వాణ్ణి విననైనా వినవేం?"

ఆమె విన్నది. ఎన్నేళ్ళకో నిజంగా విన్నది. డప్పు కింద గిటారు గీసిన గీత వినిపించింది, దాని కింద ఎవరిదో మడమ నేల మీద చరిచిన చప్పుడు వినిపించింది. తప్పటడుగు వేసింది. ఫినియస్ ఆ తప్పునే ఎత్తుకుని తనూ అలాగే వేశాడు, పొట్ట ఊగించి మరీ. ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పళ్ళన్నీ కనపడేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. పక్కన ఆడుతున్న జంటలు ఆ నవ్వు విని తిరిగి చూసి తామూ నవ్వారు. అంకెలు ఎక్కడికి పోయాయో పోయాయి. ఒళ్ళు తేలికైంది. ఒడెస్సాకి తాను ఎందుకొచ్చిందో, ఎక్కడుందో తెలియలేదు. సంతోషంగా ఉంది, అంతే.

ఆ సంతోషంలో వాళ్ళు తిరుగుతూ తిరుగుతూ మూలకి వచ్చేశారు. బాకాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

బాకాలు అలా లేచిన ప్రతిసారీ ఆమె ఒంటికి తెలిసింది ఒకటే. వీపు తిప్పింది. రెండు చేతులూ వదిలేసింది. వెనక్కి పడింది.

పడుతూ, తల వెనక్కి వాలినప్పుడు, తలకిందులుగా రూఫస్ కనిపించాడు. స్తంభం దగ్గర లేడు. టోపీ ఎడమ చేతిలోకి తీసుకుని, కుడి చెయ్యి చాచి, మూలంతా చూస్తుండగా ఆమె వైపే వస్తున్నాడు. అతని మొహంలో సగం నవ్వు ఉంది. సొంతదారు తానే చెయ్యి చాచి రావడం ఆ మూలలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఆమె వీపు కింద ఒక చెయ్యి పడి ఆపింది. పిప్పరమెంటు వాసన వేసింది. ఆ చెయ్యి ఫినియస్‌ది.

బ్యాండు వాయిస్తూనే ఉంది. మూలలో మాత్రం ఎవరూ కదల్లేదు.

"పడుతున్న పిల్లని వదిలేస్తానా మరి?" అన్నాడు ఫినియస్, ఎవరూ అడక్కుండానే. ఆయన మొహంలో రంగు పోయింది.

రూఫస్ చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుని, టోపీ అంచు పట్టుకోవడానికి వాడుకున్నాడు.

"బాగా పట్టుకున్నావు, పెద్దాయనా," అన్నాడు మర్యాదగా. తరవాత ఆమె వైపు తిరిగాడు. "దీన్ని కూడా రేపు గుర్తులేదంటావా?"

"గుర్తుంటుంది." ఒడెస్సాకి ఊపిరి అందడం లేదు. ఆడినందువల్లో, భయం వల్లో ఆమెకే తెలియదు. "రూఫస్, విను. పడేటప్పుడు నాకు ఇంకెవరూ లేరు. వెనక నువ్వే ఉన్నావనుకున్నాను. ఒట్టు. నువ్వే అనుకునే పడ్డాను."

అతను ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఇంకా ఎర్రదనం, కళ్ళలో ఇంకా వెలుగు. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో వెతికి వెతికి దొరక్క వదిలేసిన మొహం అది. అతని కళ్ళు నిండాయి.

"నేనింకా అక్కడిదాకా రాలేదు, ఒడెస్సా," అన్నాడు.

టోపీ పెట్టుకుని తిరిగాడు. మెట్ల వైపు పోవాలంటే ఎవరైనా తిరగవలసిందే. కానీ మూలలో ఉన్నవాళ్ళంతా దాన్ని వీపు తిప్పడంగానే చూశారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆగు, రూఫస్!" అని ఒడెస్సా అరిచింది. పాట మారింది, డప్పు అందుకుంది, ఆమె కేక అందులో కలిసిపోయింది. అతను జనంలోంచి దారి చేసుకుంటూ పోతున్నాడు. వెంట పరిగెత్తాలి. చెంపల మీద కన్నీళ్ళు కారుతుండగా ఒడెస్సా కిందికి చూసుకుంది. ఆమె పాదాలు ఆ కొత్త పాటకి అప్పుడే ఆడుతున్నాయి, ఆపుదామన్నా ఆగడం లేదు.